గ్యాస్ మండుతూనే ఉంది, మరి వేడి ఎటు పోతోంది?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. సాయంత్రాలు ఊళ్ళో పిల్లలకి ట్యూషన్ చెబుతుంటాను. తొమ్మిదో తరగతి వాళ్ళకి పదార్థ స్థితుల పాఠం చెబుతూ, స్టవ్ మీద నీళ్ళు పెట్టి థర్మామీటరు ముంచి చూపించాను. 99 దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఎంతసేపున్నా కదల్లేదు. ఒక అమ్మాయి, "గ్యాస్ మండతానే ఉంది కదా మేడమ్, మరా వేడి ఏటైపోతంది?" అని అడిగింది. గుప్తోష్ణం అని బోర్డు మీద రాసి నిర్వచనం చెప్పాను. "అది సరే గానీ, వేడి ఏటైపోతంది?" అని మళ్ళీ అదే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నించి ఆ పాఠం అంటేనే టెన్షన్. ఐసు వేసిన గ్లాసు బయట తడి ఎలా వస్తుందో, కర్పూరం కరక్కుండానే ఎలా మాయమవుతుందో కూడా అడుగుతున్నారు. ఇంట్లో ఉన్న వస్తువులతో అర్థమయ్యేలా చెప్పే దారి ఉంటే చెప్పండి.
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: అమ్మా, ఆ అమ్మాయి అడిగింది చాలా పెద్ద ప్రశ్న. 1760ల మొదట్లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు ఇదే సంగతి పట్టుకుని కూర్చున్నాడు. మంచు కరిగే స్థాయికి చేరిందంటే చాలు, ఆపైన కాస్త వేడి తగలగానే మొత్తం నీరైపోతుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. బ్లాక్ ఒప్పుకోలేదు. అదే నిజమైతే చలికాలం పోయి ఎండ కాయగానే కొండల మీది మంచంతా ఒక్కసారిగా కరిగి, వరదలొచ్చి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోవాలి కదా అన్నాడు. అలా జరగడం లేదు. మంచు వారాల తరబడి మెల్లమెల్లగా కరుగుతుంది. అంటే కరిగేటప్పుడు అది బోలెడంత వేడిని లోపలికి తీసుకుంటోంది, థర్మామీటరులో మాత్రం ఆ వేడి కనబడడం లేదు. మీరు బోర్డు మీద రాసిన గుప్తోష్ణం పుట్టింది ఇలాంటి సందేహం నుంచే. అందుకే సందేహం ముందు, నిర్వచనం తర్వాత రావాలి. మన పుస్తకాల్లో తరచూ ఇది తలకిందులవుతుంది.

ఇక జవాబు. నీటిలో అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలిక ఎంత జోరుగా ఉందో, థర్మామీటరు అంతవరకే చెబుతుంది. చన్నీళ్ళు పొయ్యి మీద పెట్టినప్పుడు మంట ఇచ్చే వేడి ఆ జోరు పెంచడానికి ఖర్చవుతుంది, అంకె ఎక్కుతుంది. మరగడం మొదలయ్యాక వేడికి వేరే పని పడుతుంది. నీటిలో అణువులు పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటూ ఉంటాయి. ఆవిరిలో అవి దూరదూరంగా ఉంటాయి. ఒక లీటరు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే దానికి సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ లాగుడుని తెంపి అంత దూరం విడదీయడానికే మంట వేడి మొత్తం పోతుంది. జోరు పెంచడానికి ఏమీ మిగలదు.

పిల్లలకి నూతి దగ్గర చేదని చూపించి చెప్పండి. నీళ్ళ చేదని తోడుతున్నంతసేపూ మన బలం దాన్ని పైకి తేవడానికే సరిపోతుంది, దాని వేగం ఏమీ పెరగదు. అలాగని ఆ బలం ఎక్కడికీ పోలేదు. పైకొచ్చిన చేదని వదిలేస్తే తాడు అరచేతిని ఒరుసుకుపోయేంత ఊపుతో కిందికి పడుతుంది. ఆవిరి కూడా మళ్ళీ నీరైనప్పుడు తాను తీసుకున్న వేడిని పూర్తిగా తిరిగి ఇచ్చేస్తుంది. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇదే: వేడి ఏమీ అయిపోలేదమ్మా, ఆవిరితో పాటు వెళ్ళింది. ఆవిరి ఎక్కడ నీరైతే అక్కడ బయటికి వస్తుంది.

అంకెలు కూడా చెప్పండి, పిల్లలు వాటికి ఆశ్చర్యపోతారు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1 క్యాలరీ కావాలి. సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవాలంటే 100 క్యాలరీలు. అదే గ్రాము నీటిని 100 డిగ్రీల దగ్గరే ఉంచి ఆవిరి చెయ్యాలంటే 540. ఐసుని సున్నా దగ్గరే ఉంచి నీరు చెయ్యడానికి 80. మీ థర్మామీటరు 100 చూపించకుండా 99 దగ్గర ఆగిందని బెంగ పడొద్దు. ఆ రోజు గాలి పీడనాన్ని బట్టి, థర్మామీటరు నాణ్యతని బట్టి డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. అరకు లోయలో అయితే ఆ ఎత్తుకి 97 దగ్గరే మరుగుతాయి.

ఈసారి పాఠం మరిగే నీళ్ళతో కాకుండా ఐసుతో మొదలుపెట్టి చూడండి. రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో 100 గ్రాముల ఐసు ముక్కలు, చితక్కొట్టి వెయ్యండి. రెండోదాంట్లో 100 గ్రాముల ఐసునీళ్ళు, అంటే ఐసులో బాగా చల్లబరిచి ముక్కలు తీసేసినవి. ఇప్పుడు 80 డిగ్రీల వేడినీళ్ళు రెంటిలోనూ వంద వంద గ్రాములు పొయ్యాలి. ఆ పోయడం మాత్రం మీరే చెయ్యండి. పోసే ముందు, ఏ గ్లాసులో ఎంత చూపిస్తుందో ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో రాసుకోవాలి. చెరిపెయ్యకూడదు. నీళ్ళున్న గ్లాసు 40కి దగ్గరగా వస్తుంది, చాలామంది ఊహ సరిపోతుంది. ఐసున్న గ్లాసులో పుల్లతో కలుపుతూ చూస్తే పాదరసమో ఎర్ర ద్రవమో దిగుతూ దిగుతూ దాదాపు సున్నా దాకా వెళ్తుంది. గ్లాసు వేడి, గది వేడి కలవడం వల్ల నాలుగైదు డిగ్రీలు తేడా రావచ్చు. ఫ్రిజ్‌లో ఐసు సున్నా కంటే చల్లగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు ముక్కలు ఇంకా మిగలొచ్చు కూడా. రెండు గ్లాసులూ మొదట్లో ఇంచుమించు ఒకేలా చల్లగా ఉన్నాయి, పోసింది ఒకే వేడినీళ్ళు. అయినా ఒకటి 40, ఒకటి సున్నా. ఆ 80 డిగ్రీల వేడి ఎటు పోయిందో అప్పుడు వాళ్ళనే చెప్పనివ్వండి. ఇక్కడ మీరు తొందరపడి జవాబు అందించకండి.

థర్మామీటరు గురించి ఒక జాగ్రత్త. జ్వరం చూసే థర్మామీటరుని వేడినీళ్ళలో పెడితే పగిలిపోతుంది. 110 డిగ్రీల దాకా ఉండే ల్యాబ్ థర్మామీటరే వాడాలి, అందులోనూ ఎర్ర ద్రవం ఉన్నది మేలు. పాదరసం ఒలికితే పిల్లల మధ్య ప్రమాదం.

ఇది అర్థమయ్యాక ఊళ్ళో ఎన్నో పనులకి కారణం దొరుకుతుంది. భావనపాడులోనో కళింగపట్నంలోనో చేపల పెట్టెల్లో చన్నీళ్ళు పోసి ఊరుకోరు, ఐసు చితక్కొట్టి దట్టంగా వేస్తారు. సున్నా డిగ్రీల నీళ్ళు గ్రాముకి ఒక్క క్యాలరీ తీసుకోగానే ఒక డిగ్రీ ఎక్కేస్తాయి. ఐసు 80 క్యాలరీలు తాగేదాకా సున్నా దగ్గరే ఉంటుంది, చేపనీ అక్కడే ఉంచుతుంది.

వంటింట్లో అన్నం ఉడికేటప్పుడు ఎసరు తెర్లిందంటే నీళ్ళ వేడి ఇక పెరగదు. మంట పెద్దది పెట్టినా, మరుగు ఆగనంత సన్నగా పెట్టినా అదే వంద. బియ్యం రెండింటిలోనూ ఒకే వేగంతో ఉడుకుతాయి. పెద్ద మంటకి ఎక్కువయ్యేది ఆవిరి, దాంతో పాటు గ్యాస్ ఖర్చు. ప్రెషర్ కుక్కర్ సంగతి వేరు. అది ఆవిరిని బయటికి పోనివ్వక లోపల పీడనం పెంచుతుంది, అందువల్ల నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పప్పు అంత తొందరగా మెత్తబడేది అందుకే.

ఇక్కడే పిల్లలకి తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. మరిగే నీళ్ళ కన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. 100 డిగ్రీల నీళ్ళు ఒక గ్రాము చేతి మీద పడి ఒంటి వేడికి చల్లారితే ఇచ్చేది 63 క్యాలరీలు. ఒక గ్రాము ఆవిరైతే ముందు నీరవుతూనే 540 ఇచ్చేసి, ఆ తర్వాత ఈ 63 కూడా ఇస్తుంది. దాదాపు పదింతలు. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టి, మూతని అవతలివైపు నుంచి ఎత్తమని చెప్పండి. కాలితే కుళాయి కింద చన్నీళ్ళ ధారలో 20 నిమిషాలు ఉంచాలి. ఐసు పెట్టకూడదు, పేస్టు రాయకూడదు.

చురుకైన పిల్లలెవరైనా "మరిగేటప్పుడు అంకె ఆగుతుందన్నారు, బెల్లం పాకంలో ఆగదేం?" అని అడగొచ్చు. అడిగితే సంతోషించండి. చెరకు రసం మరుగుతున్న కొద్దీ నీరు పోతుంది, పంచదార చిక్కబడుతుంది. పంచదార కలిసిన నీరు వంద కంటే పైన మరుగుతుంది, చిక్కబడే కొద్దీ ఇంకా పైకి పోతుంది. బెల్లం దించే వేళకి పెనంలో 118 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. పాకాన్ని నీళ్ళలో వేసి ఉండ కడుతుందో లేదో చూసే పెద్దవాళ్ళు నిజానికి అందులో ఇంకా ఎంత నీరు మిగిలిందో కొలుస్తున్నారు. శుద్ధమైన పదార్థానికే ఒక్కచోట ఆగే అంకె ఉంటుంది, కలగలుపు వాటికి ఉండదు. కొబ్బరినూనె కూడా అలాంటిదే. ఉద్దానంలో చలికాలం పొద్దున్నే నూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, ఎండలో పెడితే 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ అందులో రకరకాల కొవ్వులున్నాయి కాబట్టి ఐసులా ఒక్క గీత దగ్గర నిలబడదు, కాస్త వెనకా ముందూగా కరుగుతుంది. కరుగుతున్న సీసాని పిల్లలకి చూపించండి. తెల్ల గడ్డ అడుగున ఉంటుంది, నూనె పైన ఉంటుంది. ఐసు మాత్రం నీళ్ళ మీద తేలుతుంది. చాలా పదార్థాలు గడ్డకడితే బరువెక్కి మునుగుతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు ఇంచుమించు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, అందుకే తేలుతుంది. ఫ్రీజర్‌లో నిండా నీళ్ళు పోసిన గాజు సీసా పగిలేదీ ఈ ఉబ్బు వల్లే.

ఘన, ద్రవ, వాయువులనేవి ఆయా వస్తువుల కులాల్లాంటి శాశ్వత గుర్తులని పిల్లలు అనుకుంటారు. ఇనుము ఎప్పటికీ ఘనమే, గాలి ఎప్పటికీ వాయువే అని. దీన్ని పోగొట్టడానికి బుడితి పనికొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కంచు, ఇత్తడి పాత్రలకు పేరున్న ఊరది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది! అంటే రాగి ఇంకా గట్టిగా ఉండే వేడిలోనే జింకు వాయువు. అందుకే ఇత్తడి తయారీలో ముందు రాగిని కరిగించి, జింకుని చివర్లో వేస్తారు. అయినా కొంత తెల్లని పొగగా పోతుంది. లోహం వాయువు కావడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు తెలీదు.

అలాగని వేడి చేస్తే జరిగే ప్రతి మార్పూ స్థితి మార్పు కాదు. కాగితం కరగదు, కాలిపోతుంది, చల్లబరిస్తే మళ్ళీ కాగితం కాదు. గుడ్డు ఉడికితే గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా సొన కాదు. మందస కోవా గట్టిపడేది పాలు గడ్డకట్టి కాదు, వాటిలో నీరు ఆవిరైపోయి. "చల్లబరిస్తే, లేదా మళ్ళీ వేడి చేస్తే, మొదటి వస్తువు తిరిగి వస్తుందా?" అని ప్రతిసారీ అడిగించండి.

ఇక గ్లాసు తడి. లోపలి నీళ్ళే ఊరి బయటికి వస్తున్నాయని పిల్లలు గట్టిగా నమ్ముతారు. కాదని మీరు చెబితే తలూపుతారు గానీ నమ్మరు. లోపలి నీళ్ళలో సిరా కలపండి. బయట పట్టిన తడిని తెల్ల గుడ్డతో తుడవమనండి, మరక పడదు. ఇంకా గట్టి రుజువు కావాలంటే, గ్లాసుకి మూతపెట్టి కిరాణా షాపులో డిజిటల్ కాటా మీద పావుగంట ఉంచండి. బరువు పెరుగుతుంది. కారుతున్న గ్లాసు బరువెలా పెరుగుతుంది? ఆ తడి గాలిలోంచి వచ్చింది. మన తీరం గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ దండిగా ఉంటుంది, చల్లటి గ్లాసు తగలగానే నీరైపోతుంది. నీళ్ళు ఉన్న ఎత్తు దాకానే చెమ్మ ఎక్కువగా పట్టడం దగ్గరగా పెట్టి చూపించండి.

ఆ ఆవిరి గాలిలోకి ఎలా చేరిందంటే, మరగక్కర్లేకుండానే. నౌపడ ఉప్పు మడుల కింద ఎవరూ మంట పెట్టరు. ఎండకీ గాలికీ నీరు ఇగిరిపోతుంది, లీటరు సముద్రపు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు మిగులుతాయి. ఉపరితలం మీద జోరుగా ఉన్న అణువులు ఏ వేడిలోనైనా కొన్ని తప్పించుకుపోతూ ఉంటాయి, పోతూ వెనకున్న వాటి వేడిని తీసుకుపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడేది అందుకే. ఉక్కపోత రోజున కుండ సరిగ్గా పనిచెయ్యదు, గాలిలో ఇప్పటికే ఆవిరి నిండి ఉంటుంది కాబట్టి.

గాలిలోకి వెళ్ళిన ఆ వేడి తిరిగి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తుఫానుకి ఇంధనం వెచ్చటి సముద్రం మీద లేచిన నీటి ఆవిరే. అది పైకి పోయి చల్లబడి మేఘమయ్యేటప్పుడు గ్రాముకి సుమారు 580 క్యాలరీలు వదులుతుంది. పిల్లలతో లెక్క వేయించండి: ఒక చదరపు మీటరు నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే అది వంద కిలోల నీరు. అంత ఆవిరి వానగా మారేటప్పుడు పైన వదిలిన వేడి, 5 కిలోల చిన్న గ్యాస్ సిలిండరు మొత్తం మండించినంత. ఒక్క చదరపు మీటరుకి! తుఫాను నేల మీదికొచ్చాక బలహీనపడడానికి ముఖ్య కారణం, కింది నుంచి ఆ ఆవిరి సరఫరా ఆగిపోవడమే. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇంతకంటే పెద్ద జవాబు మన కళ్ళ ముందు లేదు.

చివరిగా కర్పూరం. దాని అణువుల మధ్య పట్టు బలహీనం. అందుకే మామూలు గది వేడిలోనే ద్రవం కాకుండా నేరుగా ఆవిరిగా లేస్తుంది, మూత సరిగ్గా లేని డబ్బాలో బిళ్ళ రోజురోజుకీ తరిగిపోతుంది. దీన్ని ఉత్పతనం అంటాం. హారతిలో జరిగేది మాత్రం వేరు, అక్కడ కర్పూరం ఆవిరి మండి వేరే పదార్థాలవుతోంది. ఈ రెండూ పిల్లలు కలిపేసుకుంటారు కాబట్టి విడివిడిగా చూపించండి. ఒక చిన్న గిన్నెలో చిటికెడు కర్పూరం పొడి వేసి, దాన్ని వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో నిలబెట్టండి. పైన ఐసు ముక్కలు పెట్టిన స్టీలు పళ్ళెం మూతగా పెట్టండి. కిటికీలు తీసి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి. కాసేపయ్యాక పళ్ళెం తడి లేకుండా తీసి తిప్పి చూస్తే అడుగున తెల్లటి పొడి పట్టి ఉంటుంది. అది కర్పూరమేనా కాదా అన్నది వాసన చూసి వాళ్ళే తేల్చుకుంటారు.